పవర్ విండో మోటారు: మొరాయింపు, మార్పిడి

కారు డోర్ లోపల రెండు రేకుల మధ్య కూర్చుని అద్దాన్ని పైకీ కిందికీ నడిపే చిన్న డీసీ యంత్రమే పవర్ విండో మోటారు. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల కరెంటుతో తిరుగుతుంది. పనిచేసినంతకాలం అది ఉందన్న సంగతే యజమానికి పట్టదు. ఆగిన రోజు మాత్రం తిప్పలు మొదలవుతాయి. సగంలో నిలిచిన అద్దంతో కారును బయట వదిలి వెళ్లలేరు. వానొస్తే సీటు తడుస్తుంది. టోల్ గేటు దగ్గర ప్రతిసారీ డోరే తీయాలి. అద్దాన్ని ఎత్తే చట్రాన్నీ దాన్ని తిప్పే మోటారునూ కలిపి మెకానిక్‌లు ‘గ్లాస్ మిషన్’ అంటారు. చట్రం ఒక్కదాన్నే చెప్పాల్సి వస్తే రెగ్యులేటర్ అంటారు. మార్పిడి విషయంలో ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి. చెడింది ఒకటైతే మార్చింది ఇంకొకటి కావడం ఈ రంగంలో నిత్యం జరిగేదే.

కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ లాంటి చోట ఈ యంత్రానికి పరీక్ష ఎక్కువ. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో మండల కేంద్రమైన ఈ ఊరు బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లో ఉంది. మంజీర నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో సాగయ్యే ప్రాంతం ఇది; వానాకాలం, యాసంగి రెండూ వరే. కోతలప్పుడు హార్వెస్టర్లు లేపే పొట్టు, రోడ్డు పక్కన ఆరబోసిన వడ్ల నుంచి రేగే నూగు, ట్రాక్టర్ల చక్రాలు మోసుకొచ్చిన మట్టి దుమ్ము, అన్నీ అద్దం పక్కనున్న రబ్బరు సందుల్లోకి దిగుతాయి. వానాకాలంలో ఆ దుమ్మే బురదవుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండకు రబ్బరు గట్టిపడి అద్దాన్ని పట్టేస్తుంది. ఈ మూడింటి భారం చివరికి పడేది మోటారు మీదే.

ఇక్కడి రోడ్ల మీద తిరిగే కార్ల వయసు చాలావరకు నంబరు ప్లేటే చెప్పేస్తుంది. ‘ఏపీ 25’ అంటే ఉమ్మడి రాష్ట్రంలో నిజామాబాద్ జిల్లాలో రిజిస్టరైన బండి. 2014 జూన్‌కు ముందుది గనుక, ఎవరూ మార్చి ఉండకపోతే దాని మోటార్లకు పదేళ్లు నిండినట్టే. తెలంగాణ రాష్ట్రం వచ్చాక నిజామాబాద్‌కు ‘టీఎస్ 16’, జిల్లా విడిపోయాక కామారెడ్డికి ‘టీఎస్ 17’ వచ్చాయి. 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ అయింది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఇంజను చప్పుడు వింటారు, టైర్లు చూస్తారు. నాలుగు అద్దాలూ పూర్తిగా దించి ఎత్తి చూసేవాళ్లు తక్కువ. అర నిమిషం పట్టే ఆ పరీక్ష చేస్తే బేరంలో ఒక మాట అదనంగా దొరుకుతుంది.

మీట నొక్కితే అద్దం కదిలే ఏర్పాటు మొదట కరెంటుతో రాలేదు. 1940లో అమెరికన్ కంపెనీ ప్యాకార్డ్ తన ఖరీదైన కార్లలో పెట్టింది హైడ్రాలిక్ పద్ధతి, అంటే గొట్టాల్లో ద్రవపు ఒత్తిడితో నడిచేది. గొట్టం కారితే డోర్ లోపలంతా నూనే. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ పూర్తిగా విద్యుత్తుతో నడిచే అద్దాలతో వచ్చింది; తర్వాతి కార్లు ఎక్కువగా ఆ దారే పట్టాయి. మన దగ్గర 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800కు హ్యాండిల్ తిప్పుడే గతి. పవర్ విండోలు ఖరీదైన కార్ల నుంచి చిన్న కార్లకు దిగి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక కూడా ముందు డోర్లకే ఇచ్చి, వెనక డోర్లకు హ్యాండిలే ఉంచిన మోడళ్లు ఎన్నో. రెనో క్విడ్, మారుతి ఎస్‌ప్రెసో లాంటివి స్విచ్‌లను డోర్ మీద నుంచి తీసి డ్యాష్‌బోర్డు మధ్యలో పెట్టాయి. దీనివల్ల ఒక మేలుంది: తెరిచిన అద్దంలోంచి పడే వాన స్విచ్ దాకా రాదు.

ఆ మేలు చిన్నదేం కాదు. 2010 జనవరిలో హోండా ప్రపంచవ్యాప్తంగా లక్షల కార్లను వెనక్కి పిలిపించింది. డ్రైవర్ వైపు అద్దంలోంచి నీళ్లు మాస్టర్ స్విచ్‌లోకి దిగితే లోపల వేడెక్కి మంట పుట్టే ప్రమాదం ఉందన్నది కారణం. మన దేశంలో 8,532 హోండా సిటీ కార్లు అందులో ఉన్నాయి. 2011లో అదే స్విచ్ కోసం మరో 72,115 సిటీ కార్లను పిలిపించారు. 2012 అక్టోబరులో టొయోటా వంతు వచ్చింది. డ్రైవర్ డోర్ స్విచ్‌లో గ్రీజు సమంగా పూయకపోవడంతో రాపిడి పుట్టి, మీట పట్టేసి, పొగ రావచ్చని ప్రపంచమంతటా 74 లక్షలకు పైగా వాహనాలను పిలిచింది. ఈ మూడు సందర్భాల్లోనూ తప్పు మోటారుది కాదు, స్విచ్‌ది. అద్దం ఆగిందనగానే మోటారు కొనడానికి పరుగెత్తేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మోటారు నిర్మాణం సులువైనదే. శాశ్వత అయస్కాంతాల మధ్య తిరిగే ఆర్మేచర్, దానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, ఆర్మేచర్ ఇరుసు చివర మరచుట్టు ఆకారంలో వార్మ్ గేరు, ఆ మరచుట్టుకు ఆనుకుని ప్లాస్టిక్ పళ్ల చక్రం. వార్మ్ చాలాసార్లు తిరిగితే గానీ పళ్ల చక్రం ఒక్క చుట్టు తిరగదు. అందుకే అరచేతిలో పట్టే మోటారు మూడు నాలుగు కిలోల అద్దాన్ని అలవోకగా ఎత్తుతుంది. వార్మ్ చక్రాన్ని తిప్పగలదు, చక్రం వార్మ్‌ను తిప్పలేదు. దాంతో కరెంటు ఆగగానే అద్దం ఎక్కడిదక్కడ నిలుస్తుంది. బయటి నుంచి దొంగ అరచేత్తో నొక్కినా దిగదు. మోటారు చచ్చిపోయినా అద్దం పడిపోకపోవడానికి కారణమూ ఇదే. కాబట్టి అద్దం దానంతట అదే డోర్‌లోకి జారిపోయిందంటే మోటారును అనుమానించనక్కర్లేదు. తీగ తెగి ఉంటుంది, లేదా అద్దాన్ని పట్టుకున్న క్లిప్పు విరిగి ఉంటుంది.

తిరిగే దిశ మార్చడానికి వేరే యంత్రాంగమేమీ లేదు. మోటారుకు వెళ్లే రెండు వైర్లూ మామూలుగా ఎర్త్‌లో ఉంటాయి. పైకి నొక్కితే ఒక వైరుకు ప్లస్ అందుతుంది, కిందికి నొక్కితే రెండో దానికి. ప్రయాణికుల డోర్‌కు వెళ్లే కరెంటు చాలా కార్లలో డ్రైవర్ దగ్గరి మాస్టర్ స్విచ్ మీదుగానే పోతుంది. ఎడమ అద్దం దిగకపోతే తప్పు కుడి డోర్‌లో ఉండవచ్చన్నమాట. మోటారు లోపల వేడికి తెగి, చల్లారాక మళ్లీ కలిసే రక్షణ కూడా ఉంటుంది. పిల్లలు సరదాకు అద్దాన్ని పదేపదే ఆడిస్తే అది కాసేపు మొరాయించి, తర్వాత ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది. దాన్ని చెడిపోవడం కింద లెక్కేయకూడదు.

అద్దాన్ని ఎత్తే చట్రాలు ముఖ్యంగా రెండు రకాలు. పాతది కత్తెర రకం: రెండు ఉక్కు చేతులు అడ్డంగా కలిసి ఉంటాయి, మోటారు పళ్లు ఒక చేతికి ఉన్న అర్ధచంద్రాకార గేరును తిప్పుతాయి, అద్దం బరువును కొంత మోయడానికి గట్టి చుట్టు స్ప్రింగు ఉంటుంది. బరువైనదే గాని మొండిది. కొత్తది తీగ రకం. బావి గిలక మీద చేదతాడు నడిచినట్టు, మోటారు దగ్గరి డ్రమ్ము మీదుగా ఉక్కు తీగ తిరుగుతూ ప్లాస్టిక్ పట్టీని పట్టాలపై పైకీ కిందికీ లాగుతుంది. తేలిక, చవక, ఇరుకు డోర్‌లో పడుతుంది. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువగా ఇదే. దీని బలహీనత ప్లాస్టిక్‌లో, తీగలో ఉంది. ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, తీగ ఒక్కో పోగూ తెగుతూ పోతుంది. తెగిన పోగులు డ్రమ్ములో చిక్కుకుంటే మోటారు కూడా పట్టేస్తుంది. అప్పుడు బాగున్న మోటారును చెడిందనుకునే అవకాశం ఎక్కువ.

ఇక జబ్బు తేల్చడం. స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే సగం తెలిసిపోతుంది, చెవి పెట్టి వింటే. మీట నొక్కగానే డోర్‌లో మోటారు తిరిగే చప్పుడు వచ్చి అద్దం కదలకపోతే తీగో, క్లిప్పో, ప్లాస్టిక్ గేరు పళ్లో పోయినట్టు. ‘టక్’ మని ఒక్క చప్పుడు వచ్చి, అదే క్షణంలో లోపలి లైటు కాస్త మందగిస్తే కరెంటు మోటారు దాకా వెళ్తోంది, తిరగలేకపోతోంది. అద్దం పట్టేసి ఉండవచ్చు, మోటారు బిగుసుకుపోయి ఉండవచ్చు. ఏ చప్పుడూ లేకపోతే ఫ్యూజు, స్విచ్, వైరు, అరిగిన బ్రష్‌లు, ఈ వరుసలో వెతకాలి. నాలుగు అద్దాలూ ఒకేసారి ఆగితే నాలుగు మోటార్లు ఒకే రోజు పోయాయని నమ్మడం అమాయకత్వం. ముందు ఫ్యూజు చూడాలి. పవర్ విండో ఫ్యూజులు సాధారణంగా 20 నుంచి 30 ఆంపియర్లవి. వెనక అద్దాలు మాత్రమే ఆగితే డ్రైవర్ డోర్ మీది లాక్ బటన్ ఎవరి మోచేతికో తగిలి నొక్కుకుపోయిందేమో చూడాలి. ఒక అద్దం డ్రైవర్ స్విచ్‌తో కదిలి తన స్విచ్‌తో కదలకపోతే మోటారు భేషుగ్గా ఉన్నట్టే.

మీట నొక్కి పట్టుకుని, మోటారు ఉండేచోట డోర్ ప్యాడ్ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే అద్దం కదిలిందా? బ్రష్‌లు అరిగిపోయాయి. ఈ చిట్కా తాత్కాలికం. అద్దాన్ని పైకి చేర్చి మూసేయడానికి పనికొస్తుంది, ఆ తర్వాత కొత్త మోటారు వేసేదాకా కిందికి దించకూడదు.

అందరూ మరిచే చోటు ఇంకొకటుంది. డోర్‌కూ కారు ఒంటికీ మధ్య నల్ల రబ్బరు తొడుగులో వైర్లు ఉంటాయి. డోర్ తెరిచిన ప్రతిసారీ అవి వంగుతాయి. రోజుకు పదిసార్లు తెరుచుకునే డ్రైవర్ డోర్‌లో ఏళ్ల తరబడి వంగి వంగి, పైన తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగుతుంది. డోర్‌ను ఒక కోణంలో పెట్టినప్పుడు పనిచేసి, మూసినప్పుడు ఆగే అద్దానికి జబ్బు ఇక్కడే. ఈ జబ్బు మల్టీమీటర్‌నూ మోసం చేస్తుంది. పది పోగుల్లో ఒక్కటి మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, కానీ మోటారుకు కావలసినంత కరెంటు ఆ ఒక్క పోగులో పారదు. అందుకే అనుభవమున్న ఎలక్ట్రీషియన్ మీటరుతో పాటు టెస్ట్ బల్బు పెట్టి చూస్తాడు. మోటారు కనెక్టరు దగ్గర బల్బు నిండుగా వెలిగి, మీట అటూ ఇటూ నొక్కినా మోటారు కదలకపోతే అప్పుడు తీర్పు చెప్పవచ్చు. ఇంకా అనుమానముంటే కనెక్టరు పీకి, బ్యాటరీ నుంచి ఫ్యూజున్న వైర్లతో నేరుగా కరెంటిచ్చి చూస్తారు. కొత్త కార్లలో మోటారుతోనే ఎలక్ట్రానిక్ పెట్టె కలిసి ఉంటే ఈ నేరు పరీక్ష చేయకూడదు, పెట్టె కాలిపోతుంది.

మోటారే పోయిందని తేలాక మిగిలింది చేతిపని. బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పాలి. ఎయిర్‌బ్యాగులున్న కారైతే మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. కొన్ని కార్లలో పక్కనుంచి గుద్దినప్పుడు పీడనాన్ని పసిగట్టే సెన్సర్ డోర్ లోపలే ఉంటుంది. డోర్ ప్యాడ్‌ను పట్టి ఉంచే స్క్రూలు కంటికి ఆనవు. లోపలి హ్యాండిల్ వెనక గిన్నెలో ఒకటి, చేత్తో లాగే పిడి అడుగున ఒకటి రెండు, చిన్న మూతల కింద దాగి ఉంటాయి. అవి తీశాక ప్యాడ్ అంచు చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు. లోహపు స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే రంగు గీరుకుపోతుంది, క్లిప్పులు విరుగుతాయి. మళ్లీ బిగించాక గతుకుల రోడ్డు మీద డోర్ గలగలలాడేది ఆ విరిగిన క్లిప్పుల వల్లే.

ప్యాడ్ వెనక జిగురుతో అంటించిన పల్చని ప్లాస్టిక్ షీటు కనిపిస్తుంది. దీన్ని చింపి పారేసే అలవాటు చిన్న షెడ్లలోనే కాదు, పెద్ద వర్క్‌షాపుల్లోనూ ఉంది. ఇంతకంటే పెద్ద పొరపాటు ఈ పనిలో మరొకటి లేదు. వాన నీరు అద్దం పక్క రబ్బరు దాటి డోర్ లోపలికి రావడం లోపం కాదు. డోర్‌ను అలాగే రూపొందిస్తారు. లోపలికి వచ్చిన నీరు అడుగున ఉన్న చిల్లుల్లోంచి బయటికి పోవాలి. ఆ నీరు కారు లోపలికి, కొత్త స్విచ్‌ల మీదికి, స్పీకర్ల మీదికి రాకుండా అడ్డుపడేది ఈ షీటే. నెమ్మదిగా ఒలిచి, జిగురు పాడైతే కొత్తది పూసి తిరిగి అంటించాలి. పొలాల దారుల్లో తిరిగే బండికి అడుగు చిల్లులు బురదతో పూడుకుపోయి ఉంటాయి. డోర్ విప్పినప్పుడే ఒక సన్నని పుల్లతో వాటిని తెరవాలి. లేకపోతే డోర్ అడుగున నీరు నిలిచి, కింది రేకు తుప్పు పట్టి, ఆ తేమ మోటారుకే ఎసరు పెడుతుంది.

2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాలో కురిసిన అతిభారీ వర్షాలకు కాలనీలు, రోడ్లు మునిగాయి. నీట మునిగిన కారులో పవర్ విండోలు వెంటనే పోకపోవచ్చు. నీరు తీసి ఆరబెట్టాక పనిచేస్తాయి కూడా. వారాలు గడిచాక తుప్పు పట్టిన కనెక్టరు పిన్నులు, బ్రష్‌ల చుట్టూ పేరుకున్న ఒండ్రు ఒక్కో డోర్‌నూ ఆపుతూ పోతాయి. అలాంటి బండికి మోటారు మార్చి కనెక్టరు శుభ్రం చేయకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

షీటు తీశాక అద్దం సంగతి. పట్టీకి బిగించిన బోల్టులు విప్పి, దాన్ని చేత్తో పూర్తిగా పైకి చేర్చి, పైఅంచు మీదుగా రెండు వైపులా గట్టి టేపు వేసి డోర్ ఫ్రేముకు కట్టేయాలి. డోర్ అద్దం టఫెన్డ్ గ్లాసు. మధ్యలో దెబ్బకు ఓరుస్తుంది గానీ అంచుకు చిన్న పెచ్చు లేచినా మొత్తం చిన్న ముక్కలుగా రాలిపోతుంది. పాత అద్దానికి నల్ల ఫిల్మ్ అంటించి ఉంటే దాని లేచిన అంచు రబ్బరులో పట్టి మోటారును ఏడిపించి ఉండవచ్చు. పైగా 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ఫిల్ములను నిషేధించింది; కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు పోవాలి.

చట్రాన్ని డోర్‌కు బిగించిన బోల్టులు విప్పి, కనెక్టరు ఊడదీస్తే మిషన్ మొత్తం డోర్ మధ్య ఖాళీలోంచి వంచుతూ బయటికి వస్తుంది. లోపలి రేకు అంచులు బ్లేడులా ఉంటాయి, గ్లవ్స్ లేకుండా చేయి పెట్టకూడదు. మోటారును చట్రానికి పట్టి ఉంచేవి తరచూ మూడే స్క్రూలు. కత్తెర రకంలో ఆ మూడూ విప్పేముందు ఉక్కు చేతులను ఒక బోల్టుతోనో క్లాంపుతోనో కట్టేయాలి. మోటారు పళ్లు వదలగానే బిగిసి ఉన్న స్ప్రింగు ఆ చేతులను విసురుగా తిప్పుతుంది, వేళ్లు మధ్యలో ఉంటే నలిగిపోతాయి. తీగ రకంలో ఆ ప్రమాదం లేదు గానీ మోటారు తీయగానే డ్రమ్ము వదులై తీగ చుట్టు విప్పుకుంటుంది, తిరిగి చుట్టడం ఓపికకు పరీక్ష. అందుకే చాలామంది మెకానిక్‌లు తీగ రకానికి మోటారూ చట్రమూ కలిసి వచ్చే సెట్టునే వేస్తారు. ఇందులో దురాశ ఏమీ లేదు. పదేళ్ల తీగకు కొత్త మోటారు బిగిస్తే కొద్ది రోజుల్లో మళ్లీ డోర్ విప్పాల్సి రావచ్చు.

ఎడమ మోటారు కుడికి పనికిరాదు; రెండూ అద్దంలో బొమ్మల్లా తారుమారుగా ఉంటాయి. కొనేటప్పుడు ఏ డోర్, ఏ సంవత్సరపు మోడల్, కనెక్టరులో ఎన్ని పిన్నులు అన్నవి చెప్పాలి. పాతదాన్ని ఫొటో తీసి పంపడం ఇంకా మేలు. నస్రుల్లాబాద్‌లో టైరు పంక్చరు, ఆయిల్ మార్పు అయిపోతాయి గానీ ఇలాంటి స్పేర్ కోసం బాన్సువాడ, నిజామాబాద్ వైపు చూడాలి. అక్కడా లేకపోతే హైదరాబాద్ జాంబాగ్, సికింద్రాబాద్ రాణీగంజ్ దుకాణాలే దిక్కు. 2020లో ఆర్టీసీ పార్శిల్ సేవలు మొదలుపెట్టాక ఆ దుకాణాల సరుకు బస్సులోనే వచ్చేస్తోంది. మార్కెట్లో కంపెనీ పీసు, బయటి బ్రాండు, లోకల్, పాత బండి నుంచి తీసింది అని నాలుగు మెట్లుంటాయి. అన్నింటికన్నా చవక లోకల్ మోటారు. గేరు ప్లాస్టిక్ నాసిరకమైతే మొదటి ఎండాకాలంలోనే పళ్లు అరుగుతాయి. పాత బండి నుంచి తీసిన కంపెనీ మోటారు అంతకంటే నమ్మదగినదే, తుప్పు లేకుండా సాఫీగా తిరుగుతుంటే.

ఈ ప్రాంతంలో అందరికీ వచ్చే ఒక సందేహం: బోరు మోటారు కాలితే వైండింగ్ చేయించినట్టు దీన్నీ చేయించవచ్చా? సాగు ఊళ్లలో మోటారు వైండింగ్ దుకాణాలకు కొదవ లేదు, పనివాళ్లూ నేర్పరులే. అయినా విండో మోటారు ఆర్మేచర్ తీగ వెంట్రుకలా సన్నం, మూత ముడిచి మూసేసినది, కొత్తదాని ధరతో పోలిస్తే కూలీ గిట్టదు. బ్రష్‌లు మార్చి, అవి రాసుకునే కమ్యుటేటర్‌ను శుభ్రం చేసి బతికించేవాళ్లున్నారు. దొరకని పాత మోడల్‌కు అది తెలివైన పనే.

కొత్త మిషన్ బిగించాక డోర్ ప్యాడ్ వేయడానికి తొందరపడకూడదు. టెర్మినల్ కలిపి, అద్దాన్ని రెండు మూడుసార్లు మెల్లగా నడిపి, పైన డోర్ ఫ్రేములో సమంగా కూర్చుంటోందో లేదో చూసి, అప్పుడు అద్దం బోల్టులు పూర్తిగా బిగించాలి. వంకరగా బిగిస్తే అద్దం ఒక మూల ముందు తగులుతుంది, గాలి ఈల వేస్తుంది, మోటారుకు మళ్లీ భారం. రబ్బరు సందులను తడిగుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టాలి. ఇంజను ఆయిలో గ్రీజో రాస్తే రబ్బరు ఉబ్బుతుంది, వడ్ల నూగంతా దానికే అంటుకుంటుంది.

ఒక్క నొక్కుతో పూర్తిగా ఎక్కే అద్దాలున్న కార్లలో చివరి పని ఇంకొకటి. కొత్త మోటారుకు అద్దం పైహద్దు ఎక్కడో తెలియదు. మీటను పైకి లాగి, అద్దం మూసుకున్నాక కూడా కొన్ని సెకన్లు పట్టి ఉంచి హద్దు నేర్పించాలి. పద్ధతి కారుకో రకంగా ఉంటుంది, మాన్యువల్‌లో ఉంటుంది. ఇది చేయకపోతే మధ్యలో ఏదైనా అడ్డుపడితే వెనక్కి తిరిగే రక్షణ సరిగా పనిచేయదు. ఐరోపా నిబంధనలు అలాంటి అద్దం 100 న్యూటన్ల బలం మించకముందే వెనక్కి తిరగాలంటాయి. అమెరికాలో 2010 అక్టోబరు నుంచి కొత్త కార్ల స్విచ్‌లన్నీ పైకి లాగితేనే అద్దం ఎక్కేలా ఉండాలన్న నిబంధన వచ్చింది. అంతకుముందు కిటికీ దగ్గర నిలబడి తల బయటపెట్టిన పిల్లల మోకాలే మీటను నొక్కి ప్రాణం తీసిన ఉదంతాలున్నాయి. మన రోడ్ల మీది చవక మోడళ్లలో, పాత బండ్లలో చాలావాటికి ఈ వెనుదిరిగే రక్షణ లేనే లేదు. కొత్త మోటారు పాతదానికంటే బలంగా లాగుతుంది; పెళ్లి ఊరేగింపుల్లో పిల్లలు తలలు బయటపెట్టే బండైతే లాక్ బటన్ పనిచేస్తోందో లేదో ప్యాడ్ బిగించే ముందే చూసుకోవాలి.

తీసేసిన మోటారు సాధారణంగా షెడ్డు మూలన డబ్బాలో పడుతుంది, తర్వాత రాగి కోసం పాత సామాను దుకాణానికి తూకానికి పోతుంది. బ్రష్‌లు ఇంకా మిగిలి ఉంటే మాత్రం దాన్ని పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ విద్యార్థులు కొనుక్కెళ్తారు. తక్కువ వేగం, ఎక్కువ బలం, 12 వోల్టుల బ్యాటరీతో నడక, కరెంటు తీస్తే కదలకుండా నిలబడే వార్మ్ గేరు, ఇవన్నీ ప్రాజెక్టు రోబోలకు, చిన్న లిఫ్టు నమూనాలకు సరిగ్గా సరిపోతాయి.